సగం తీగ, సగం నేల: డెల్టా పొలాల్లో సోలార్ కంచె ఎందుకు నీరసిస్తుంది

గోదావరి లంకల్లో కంద, అరటి, మొక్కజొన్న చేల చుట్టూ రెండు రకాల తీగలు ఉంటాయి. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. ఒకటి సోలార్ కంచె, అంటే ప్యానెల్‌తో నిండే 12 వోల్టుల బ్యాటరీ మీద నడిచే ఝట్కా యంత్రానికి కట్టిన తీగ. అందులో 8,000 వోల్టుల దాకా ఉంటుంది. తగిలిన పంది అరుచుకుంటూ పారిపోతుంది, మనిషైతే ఉలిక్కిపడి నాలుగు తిట్లు తిట్టుకుంటాడు. రెండోది మోటారు షెడ్డు నుంచో, స్తంభం మీది లైను నుంచో నేరుగా లాగిన తీగ. అందులో ఉండేది 230 వోల్టులే. కానీ తెల్లవారుజామున నీరు పెట్టడానికి వచ్చినవాడు దాన్ని తాకితే ఇంటికి తిరిగి వెళ్లడు. చాలాసార్లు ఆ వచ్చినవాడు తీగ కట్టిన రైతే అవుతాడు.

ఈ రెండో తీగను నిర్లక్ష్యమనో దుర్మార్గమనో కొట్టిపారేయడం తేలిక. అయితే అది పుట్టే దారి ఒకటుంది, దాని గురించి మాట్లాడేవారు తక్కువ. సోలార్ కంచె కొన్న ఏడాది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. రెండో ఏడాది సార్వా (వానాకాలం పంట) నాటికి నీరసిస్తుంది. పందులు మొదట తీగ కింది నుంచి దూరతాయి, తర్వాత తీగను తోసుకుంటూనే వస్తాయి. ఒక్క రాత్రిలో అరెకరం కంద తవ్వి పోశాక "యంత్రం పోయింది" అని తీర్పు వెలువడుతుంది. ఆ కోపంలో, ఆ నష్టంలో ఉన్న మనిషికి పక్కనే ఉన్న కరెంటు లైను కనిపిస్తుంది. నిజానికి చాలా సందర్భాల్లో యంత్రం పోయి ఉండదు. అది కొట్టే దెబ్బ పందిని చేరకముందే దారిలో గడ్డికీ, తుప్పుకీ, ఎండిన ఇసుకకీ పంచిపెట్టబడుతుంది. కాబట్టి కంచె నిర్వహణ డెల్టాలో పంట కాపలాతో ఆగిపోయే విషయం కాదు.

8,000 చంపదు, 230 చంపుతుంది

యంత్రం లోపల జరిగేది పెద్ద రహస్యమేమీ కాదు. బ్యాటరీ నుంచి కొద్దికొద్దిగా తీసుకున్న విద్యుత్తును ఒక కెపాసిటర్‌లో నింపుకుని, దాన్ని ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా సెకనుకోసారి ఒక్క విసురుతో తీగలోకి వదులుతుంది. ఆ విసురు నిడివి సాధారణంగా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. మిగతా సమయమంతా తీగ ఖాళీయే. ఈ యంత్రాలకు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60335-2-76 ప్రకారం విసురు 10 మిల్లీసెకన్లకు మించకూడదు, 500 ఓమ్‌ల నిరోధం మీద కొలిచినప్పుడు శక్తి 5 జౌళ్లు దాటకూడదు, రెండు విసుర్ల మధ్య కనీసం ఒక సెకను విరామం ఉండాలి. ఆ విరామమే ప్రాణరక్షణ. బిగుసుకున్న కండరానికి వదులయ్యే వ్యవధి దొరుకుతుంది, చెయ్యి వెనక్కి వస్తుంది.

లైను కరెంటుకు ఆ దయ లేదు. శరీరం గుండా సుమారు 10 మిల్లీ ఆంపియర్లు దాటి ప్రవహిస్తే చాలు, చేతి కండరాలు బిగుసుకుని తీగను వదలలేరు. 50 నుంచి 100 మిల్లీ ఆంపియర్లు ఒకటి రెండు సెకన్లు గుండె మీదుగా వెళ్తే దాని లయ తప్పుతుంది. తడి గట్టు మీద ఉత్త కాళ్లతో నిలబడిన మనిషి శరీర నిరోధం వెయ్యి ఓమ్‌లు అనుకుంటే 230 వోల్టులకు వెళ్లే కరెంటు 230 మిల్లీ ఆంపియర్లు. అంటే ప్రాణాపాయపు హద్దుకు రెండు మూడు రెట్లు. "ఫ్యూజు ఎగిరిపోతుందిలే" అనే భరోసా ఇక్కడ పనికిరాదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఫ్యూజు పదుల ఆంపియర్లకు వేసినది. పావు ఆంపియరు దాని లెక్కలోకే రాదు. మనిషి పడిపోయిన తర్వాత కూడా తీగలో కరెంటు అలాగే ఉంటుంది, లేపడానికి వెళ్లిన రెండో మనిషి కోసం.

చట్టం సంగతి క్లుప్తంగా: లైనుకు కొక్కెం వేయడం విద్యుత్ చట్టం 2003లోని 135వ సెక్షన్ కింద చౌర్యం. అడవి జంతువు చస్తే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, మనిషి చస్తే నేర చట్టం. సొంత మీటరు నుంచి లాగానన్న వాదన చావు కేసులో ఎందుకూ కొరగాదు.

ఇసుక మీద నిలబడ్డ పంది

కంచె అనగానే అందరి కళ్లూ తీగ మీదికి వెళ్తాయి. అక్కడే పొరపాటు మొదలవుతుంది. విసురు యంత్రం నుంచి బయలుదేరి, తీగ వెంట వచ్చి, పంది ముట్టెలోకి దిగి, దాని కాళ్ల గుండా నేలలోకి వెళ్లి, ఆ నేలలో ప్రయాణించి, యంత్రానికి కట్టి నేలలో పాతిన ఇనుప కడ్డీ అయిన ఎర్త్ రాడ్డు ఎక్కి, మళ్లీ యంత్రానికి చేరితేనే దెబ్బ. దారిలో సగం నేలే. తీగను రోజూ తడిమి చూసుకునే రైతు కూడా ఆ రెండో సగాన్ని కొన్ననాడు పాతి మరిచిపోతాడు.

డెల్టాలో నేల ఒకటే కాదు. భీమవరం, అమలాపురం వైపు నల్లని జిగట నేలలో నీటిమట్టం పైనే ఉంటుంది. తడి జిగటమట్టిలో పాతిన 2 మీటర్ల రాడ్డు నిరోధం లెక్క వేస్తే 10 ఓమ్‌ల చుట్టుపక్కల వస్తుంది. అదే రాడ్డును ఎండిన ఇసుకలో పాతితే 400 నుంచి 500 ఓమ్‌లు. ఈ తేడా పంది అనుభవంలో ఎలా ఉంటుందో చూడాలి. పంది శరీర నిరోధం 500 ఓమ్‌లనీ, తీగలో 6,000 వోల్టులు ఉన్నాయనీ అనుకుందాం. జిగట నేలలో దాదాపు ఆ మొత్తం పందికే తగులుతుంది. ఇసుకలో రాడ్డు దగ్గరే సగం పోయి, పందికి దక్కేది 3,000. దాని కాళ్ల కింది ఇసుక కూడా పొడిగానే ఉంటుంది కనుక అసలు దక్కేది అంతకన్నా తక్కువ. ముట్టె దగ్గర చురుక్కుమంటుంది, అంతే. రుచి మరిగిన పందికి అది చాలదు.

గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల మధ్య లంకల్లో మేట వేసిన ఇసుక, ఒండ్రు పొరలు పొరలుగా ఉంటాయి. ఒకే కంచె ఒక మూల ఒండ్రు మీద, ఇంకో మూల ఇసుక మీద నడుస్తుంది. పైగా వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేసే రోజుల్లో గట్లు నెర్రెలిస్తాయి. "మాఘమాసంలో బాగానే కొట్టింది, వైశాఖంలో ఏమైందో" అన్న ఫిర్యాదుకు మూలం ఇక్కడ వెతకాలి. యంత్రం అదే, తీగ అదే, కింది నేల మారింది.

ఎర్త్ బాగుందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. కంచె వోల్టుమీటరు ఒక్కటి ఉంటే చాలు. యంత్రం ఆపి, దానికి కనీసం 100 మీటర్ల దూరంలో నాలుగైదు ఇనుప ఊచలను నేలలో గుచ్చి తీగకు ఆనించాలి. యంత్రం మళ్లీ వేస్తే తీగలో వోల్టేజీ 2,000 కన్నా కిందికి పడిపోవాలి. పడకపోతే ఇంకొన్ని ఊచలు ఆనించాలి. ఇప్పుడు కొలవవలసింది తీగను కాదు, ఎర్త్ రాడ్డును. మీటరు ఒక కొనను చివరి రాడ్డుకూ, రెండో కొనను ఒక మీటరు దూరంలో గుచ్చిన చిన్న మేకుకూ తగిలించాలి. అక్కడ 200, 300 వోల్టులకు మించి చూపిస్తే ఎర్త్ చాలడం లేదని అర్థం. మామూలుగా తీగను కొలిస్తే ఈ లోపం బయటపడదు. మీటరు లాగే కరెంటు చాలా తక్కువ కాబట్టి చెడ్డ ఎర్త్ మీద కూడా అది 7,000 చూపిస్తుంది. రైతు మీటరు చూసి నిశ్చింతగా పడుకుంటాడు, పంది నిశ్చింతగా తింటుంది.

ఎర్త్ చాలకపోతే మరో రాడ్డు వేయాలి. ఒకదానికొకటి 3 మీటర్ల ఎడంతో మూడు రాడ్లు మామూలు లెక్క. ఇసుక లంకల్లో ఐదారు అవసరపడినా ఆశ్చర్యం లేదు. పక్కపక్కనే గుచ్చితే లాభం ఉండదు, రెండూ ఒకే మట్టిని పంచుకుంటాయి. బోదె అంచునో, బోరు నీళ్లు జారే చోటో పాతితే ఏడాది పొడవునా తడి అందుతుంది. మరీ పొడి ఇసుకలో అయితే తీగలను ఒకటి విడిచి ఒకటి ఎర్త్‌కు కలిపే పద్ధతి మేలు. పంది రెండు తీగలను ఒకేసారి తాకితే దెబ్బకు నేలతో పని లేదు. గుంటలో ఉప్పు, బొగ్గు పోసే పాత అలవాటు మాత్రం రెండంచుల కత్తి. ఉప్పు తడిని పట్టి ఉంచే మాట నిజమే. రాడ్డును తినేసేదీ అదే.

ఆ తినేసే పని సముద్రతీర మండలాల్లో నేలే చేసిపెడుతుంది. సఖినేటిపల్లి, అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు చౌడు నేలల్లో ఎర్త్ నిరోధం బహు తక్కువ, అంటే కంచెకు అనుకూలం. కానీ జీఐ రాడ్డు మీది జింకు పూత కొన్నేళ్లలోనే కరిగిపోతుంది. పైకి కనిపించే కొన బాగానే ఉంటుంది. నేల మట్టానికి జానెడు కింద, గాలీ తడీ కలిసే చోట, రాడ్డు పెన్సిల్ ములికిలా సన్నబడి ఉంటుంది. ఏడాదికి ఒక్క రాడ్డునైనా పైకి లాగి చూడటం ఇక్కడ అవసరం.

కింది తీగతో పేచీ

ఎర్త్ తర్వాత అసలు యుద్ధం పచ్చదనంతో. మెట్ట ప్రాంతంలో కంచె కింద గడ్డి కొన్ని నెలలే పెరుగుతుంది. డెల్టాలో దానికి సెలవులు లేవు. గరిక, తుంగ, రెల్లు, గట్టు పొడవునా తూటికాడ, వీటన్నిటి మీద పాకే తీగ మొక్కలు. ఒక్క పచ్చి ఆకు తగిలితే పోయేది స్వల్పం. వెయ్యి ఆకులు తగిలితే అవన్నీ కలిసి ఒక పెద్ద కాలువకు పడిన గండిలా పనిచేస్తాయి. వాన పడి ఆకులు తడిసిన రాత్రి ఆ గండి ఇంకా పెద్దది.

చిక్కేమిటంటే, పంది కోసం కట్టిన కంచెలో అన్నిటికన్నా విలువైన తీగ అన్నిటికన్నా కిందిది. పంది చర్మం మందం, దాని మీది వెంట్రుకలు బిరుసు. వీపుకు తగిలే తీగ దానికి లెక్కలేదు. తడిగా ఉండే ముట్టెకే తగలాలి. పైగా చెవులు దాటాక దెబ్బ తగిలితే పంది వెనక్కి తగ్గదు, ముందుకే దూకుతుంది. అంటే కింది తీగ నేలకు 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉండాలి. సార్వా రోజుల్లో గరిక ఆ ఎత్తును వారం పది రోజుల్లో అందుకుంటుంది. తీగను ఎత్తితే పంది, దించితే గడ్డి. దీనికి ఇప్పటికీ కొడవలిని మించిన పరిష్కారం లేదు. ఉన్న ఉపాయమల్లా కింది తీగకు విడిగా ఒక స్విచ్చు పెట్టుకోవడం. నాలుగు రోజుల ముసురులో గడ్డి కోయడం కుదరనప్పుడు కింది తీగను ఆపేస్తే కనీసం పై తీగల బలం నిలుస్తుంది. ఆ స్విచ్చు మళ్లీ వేయడం మరిచిపోవడమూ మామూలే.

కొందరు గడ్డి బాధ పడలేక కంచె కింద మల్చింగ్ షీటు పరుస్తున్నారు. ఆలోచన మంచిదే, కానీ వెడల్పు పెరిగితే బెడిసికొడుతుంది. ప్లాస్టిక్ మీద నిలబడిన పందికి నేలతో సంబంధం తెగిపోతుంది. దానికి తీగ తగిలినా దారి పూర్తికాదు. ఎండిన వరిగడ్డి మందంగా పరిచినా అదే జరుగుతుంది. షీటు తీగకు సరిగ్గా కింద జానెడు, ఒకటిన్నర జానెడు పట్టీగా ఉంటే చాలు. పంది ముందు కాళ్లు మోపే చోటు మట్టిగానే ఉండాలి.

కొబ్బరి తోటల్లో గడ్డికన్నా మట్టలది పైచేయి. రాత్రి గాలికి రాలిన మట్ట ఒక్కటి తీగ మీద పడి నేలకు ఆనితే ఆ వైపు కంచె మొత్తం చల్లారుతుంది. దింపు (కాయల కోత) జరిగిన రోజు సాయంత్రం కంచె చుట్టూ ఒకసారి తిరగకపోవడం, తలుపు తీసి పడుకోవడం ఒకటే. అరటి తోటల్లో పక్కకు ఒరిగిన ఆకులు, గెల బరువుకు వాలిన చెట్లు ఇదే పని చేస్తాయి. పచ్చి అరటి దవ్వలో నీళ్లే ఎక్కువ కాబట్టి అది తగిలితే మట్టకన్నా గట్టి లీకు.

ఉప్పుగాలి, సైకిల్ ట్యూబు, మెలిపెట్టిన ముడి

తీరానికి దగ్గరగా ఉన్న కంచెల్లో మరో వింత కనిపిస్తుంది. మధ్యాహ్నం కొలిస్తే 6,000. తెల్లవారుజామున కొలిస్తే 2,500. గడ్డి కోసి ఉంది, మట్ట పడలేదు, ఎర్త్ బాగుంది. సముద్రం గాలి మోసుకొచ్చిన ఉప్పు, తీగను స్తంభానికి తగలకుండా పట్టి ఉంచే ఇన్సులేటర్ల మీద సన్నని పొరగా పేరుకుంటుంది. పొడిగా ఉన్నంతసేపు ఆ పొర నిరపాయం. ధనుర్మాసపు మంచు దాన్ని తడపగానే ప్రతి ఇన్సులేటరూ ఒక చిన్న లీకు అవుతుంది. ఎండెక్కాక ఆరిపోయి మళ్లీ మామూలే. పందులు వచ్చేది ఎండెక్కాక కాదు. తొలకరి వాన ఈ ఉప్పును కొంత కడుగుతుంది. సంక్రాంతికి ముందు మంచినీళ్లతో, గుడ్డతో తుడవడం మనిషి చేయవలసిన పని.

ఇన్సులేటర్ల దగ్గర పొదుపు చేయాలని పాత సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టేవాళ్లు చాలామంది. రబ్బరుకు కరెంటు పారదన్న నమ్మకం ఇంటి కరెంటు విషయంలోనే పూర్తిగా నిలవదు, వేల వోల్టుల దగ్గర అసలే నిలవదు. నల్ల రబ్బరులో కర్బనపు మసి కలుపుతారు. ట్యూబు పాతబడి, తడిసి, బురద పట్టాక అది లీకుల పుట్ట. సరుగుడు బాదులు ఎండినప్పుడు ఫరవాలేదు కానీ వానకు నానితే అవీ నేలకు దారి ఇస్తాయి. సిమెంటు స్తంభంలో ఇనుప ఊచలు ఉంటాయి. పింగాణీ బొత్తామో, ఎండకు పెళుసుబారని రకం ప్లాస్టిక్ ఇన్సులేటరో కొన్న డబ్బు ఒక్క పంటలో తిరిగి వస్తుంది. నాసిరకం ప్లాస్టిక్ మాత్రం రెండు వేసవులకే చిట్లుతుంది. చిట్లిన చోట రాత్రిపూట నీలిరంగు మిణుకు కనిపిస్తుంది.

తీగ ముడుల సంగతి ఇంకా అధ్వానం. తెగిన తీగను చేత్తో నాలుగు మెలికలు తిప్పి వదిలేస్తారు. కొత్తలో అది పనిచేస్తుంది. ఆ మెలికల మధ్య తుప్పు చేరాక విసురు ప్రతిసారీ తుప్పును దాటడానికి నిప్పురవ్వగా దూకాలి. 2.5 మిల్లీమీటర్ల ఉక్కు తీగకు కిలోమీటరుకు నిరోధం సుమారు 35 ఓమ్‌లు. తుప్పుపట్టిన ముడి ఒక్కటే అంతకన్నా ఎక్కువ తినేయగలదు. ఇంకో పొరపాటు జీఐ తీగకు రాగి తీగను అతికించడం. రెండు వేర్వేరు లోహాలు ఉప్పు తేమలో కలిస్తే చిన్న బ్యాటరీలా ప్రవర్తిస్తాయి, జింకు పూత ముందుగా బలవుతుంది. బిగింపు మరలు, ఒకే లోహపు తీగ వాడటమే సరైన పద్ధతి.

లోపం ఎక్కడుంది?

లోపం వెతకడంలో చాలామంది చేసే తప్పు కంచె చుట్టూ నడక మొదలుపెట్టడం. ముందు నడవాల్సిన పని లేదు. కంచె తీగను యంత్రం నుంచి విడదీసి, యంత్రం కొనల దగ్గర కొలవాలి. అక్కడే వోల్టేజీ లేకపోతే తప్పు యంత్రానిదో బ్యాటరీదో. చేను చుట్టూ తిరిగి ప్రయోజనం లేదు. అక్కడ బాగుండి, తీగ కలపగానే పడిపోతే తప్పు కంచెది. అప్పుడు కంచెను సగానికి విడదీయాలి. మంచి సగాన్ని పక్కనపెట్టి చెడ్డ సగాన్ని మళ్లీ సగం చేయాలి. 800 మీటర్ల కంచెలో నాలుగుసార్లు ఇలా చేస్తే లోపం 50 మీటర్ల లోపు దొరుకుతుంది. ఇది జరగాలంటే మధ్యమధ్య స్విచ్చులు ఉండాలి. కంచె కట్టేవాళ్లు వదిలేసే మొదటి వస్తువులు అవే.

మిగతా 50 మీటర్లకు చెవులు చాలు. రాత్రి నిశ్శబ్దంలో లీకు ఉన్న చోట టిక్, టిక్ అని సెకనుకోసారి వినిపిస్తుంది. పాత మీడియం వేవ్ రేడియోను ఏ స్టేషనూ లేని చోట పెట్టి తీగ వెంట నడిస్తే రవ్వ ఉన్న చోట ఆ శబ్దం పెద్దదవుతుంది. ఇంట్లో వాడే మల్టీమీటరును మాత్రం తీగకు తగిలించకూడదు. అది వేల వోల్టుల విసురుకు తయారైనది కాదు, కాలిపోతుంది.

వేళను గమనిస్తే సగం జవాబు దొరుకుతుంది. తెల్లవారుజామున నీరసించి మధ్యాహ్నానికి కోలుకునే కంచెలో రెండు అనుమానాలు: మంచు తడి లేదా బ్యాటరీ. రెండింటి లక్షణం ఒకటే కావడంతో ఇన్సులేటర్లు మార్చాల్సినవాళ్లు బ్యాటరీ మారుస్తారు, బ్యాటరీ మార్చాల్సినవాళ్లు గడ్డి కోస్తారు. తెల్లవారుజామున తీగ విడదీసి యంత్రాన్ని కొలవడం ఒక్కటే వీటిని వేరుచేస్తుంది.

బ్యాటరీ లెక్క కూడా చూద్దాం. విసురుకు 5 జౌళ్లు వాడే యంత్రం, నష్టాలు కలుపుకుని, 6 వాట్ల దాకా తీసుకుంటుందనుకుంటే 12 వోల్టుల దగ్గర అర ఆంపియరు. రాత్రీ పగలూ నడిస్తే రోజుకు 12 ఆంపియర్ అవర్లు. 40 ఆంపియర్ అవర్ల బ్యాటరీని సగానికి మించి వాడకూడదు కనుక ఎండ లేకపోతే అది రెండు రోజులకైనా చాలదు. బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టి మూడు నాలుగు రోజులు ముసురేస్తే మూడో రాత్రికి కంచె చల్లారడంలో విచిత్రం లేదు. ప్యానెల్ పెద్దది కొన్నా మబ్బు మబ్బే. పగలు యంత్రం ఆపితే అదే బ్యాటరీ మూడు రోజులకు పైగా వస్తుంది. నిండిన లెడ్ యాసిడ్ బ్యాటరీ విరామంగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపాలి. 12కు దిగితే బాగా ఖాళీ అయినట్టే. అలా ఖాళీగా వారాలు వదిలేస్తే మళ్లీ పూర్తిగా నిండదు. డిస్టిల్డ్ వాటరుకు బదులు బోరు నీళ్లు పోయడం తీరగ్రామాల్లో బ్యాటరీకి ఉప్పునీళ్లు తాగించడమే.

వరద, తుపాను, చెరువు గట్టు

లంకల్లో కంచె నిర్వహణకు పంచాంగం ధవళేశ్వరం. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి, ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75కు మూడోది. మొదటి హెచ్చరికకే యంత్రం, బ్యాటరీ, ప్యానెల్ విప్పి ఏటిగట్టు లోపలికి తేవాలి. రెండోది వచ్చేదాకా ఆగితే పడవలో మనుషులకే చోటుండదు. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినట్టు ఆ నెలలోనే వరద రావడం అసాధారణమైతే కావచ్చు, తీగలను గుర్రపుడెక్క, చెత్త, ఒండ్రు కప్పేయడానికి అంత వరద అక్కరలేదు. నీరు తీశాక తీగలను శుభ్రం చేయకుండా యంత్రం తగిలించడం వృథా. బురద పట్టిన ఇన్సులేటరు ఉప్పు పట్టినదానికన్నా చెడ్డది.

తుపాను తర్వాతి జాగ్రత్త వేరు. 1996 నవంబరు తుపాను కోనసీమలో కొబ్బరి చెట్లను పెద్ద సంఖ్యలో కూల్చింది. చెట్టు కూలితే లైను తెగుతుంది, తెగిన లైను కంచె మీద పడవచ్చు. అప్పుడు మొదటి రకం తీగ కాస్తా రెండో రకం అవుతుంది, చేను చుట్టూ అంతటా. అందుకే పెద్దగాలి వెలిసిన ఉదయం కంచె పొడవునా కళ్లతో చూసి, పైనున్న లైన్లు సరిగ్గా ఉన్నాయని నిర్ధారించుకున్నాకే దాన్ని ముట్టుకోవాలి. తెగిన లైను కనిపిస్తే విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేసి దూరంగా ఉండాలి. ఉరుములు వినిపించినప్పుడు కంచెను యంత్రం నుంచి విడదీయడం యంత్రాన్ని కాపాడుతుంది; పిడుగు నేరుగా పడకపోయినా దగ్గరలో పడితే చాలు, లోపలి భాగాలు మాడిపోతాయి.

చేపల, రొయ్యల చెరువుల గట్ల మీద కంచె కట్టేవాళ్లు ఒక్క విషయం మరవకూడదు. నీటిలో గాలి కలిపే ఏరేటర్ మోటార్ల ఎర్త్‌కూ, కంచె ఎర్త్‌కూ సంబంధం ఉండకూడదు. రెండింటి మధ్య కనీసం 10 మీటర్ల ఎడం అవసరం. ఉన్న ఎర్త్ గుంటకే కంచె తీగ కలిపేస్తే ప్రతి విసురుకూ మోటారు బాడీ మీద వోల్టేజీ లేస్తుంది, దాన్ని పట్టుకునేది నీళ్లలో నిలబడిన మనిషి. ముళ్లతీగకు కరెంటు ఇవ్వడం అసలే నిషిద్ధం. చిక్కుకున్నది మనిషైనా, చెరువు గట్లకు వచ్చే నీటిపిల్లి అయినా, తప్పించుకోలేక దెబ్బ మీద దెబ్బ తింటూ ఉండిపోతుంది.

రాడ్డు ఎవరిది?

ఇక్కడి కమతాలు చిన్నవి. ఒక ఎకరం చతురస్రానికి చుట్టుకొలత సుమారు 254 మీటర్లు. పదిమంది విడివిడిగా పది ఎకరాలకు కంచె కడితే 2,540 మీటర్లు. పది ఎకరాలనూ కలిపి చతురస్రంగా కడితే 805 మీటర్లే. ఖర్చు మూడో వంతుకు దిగుతుంది. లెక్క ఇంత స్పష్టంగా ఉన్నా ఉమ్మడి కంచెలు ఎక్కువ కాలం నిలవకపోవడానికి కారణం సామెతలో ఉన్న ఉమ్మడి గొడ్డే. ఎవరి గట్టు మీది గడ్డి లీకు చేస్తోందో తెలియనప్పుడు ఎవరూ కోయరు. ఒక్కో రైతు హద్దు దగ్గర ఒక్కో స్విచ్చు ఉంటే ఆ దాపరికం పోతుంది. ఏ స్విచ్చు దించితే వోల్టేజీ లేస్తుందో అందరి ముందే తేలుతుంది.

కౌలు దీనికన్నా కష్టమైన ముడి. డెల్టాలో సాగు చేసేవాళ్లలో కౌలుదారులు ఎక్కువ. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం ఒప్పందం రాసుకున్నా దాని గడువు 11 నెలలు. చాలా ఒప్పందాలు నోటిమాటే. యంత్రం, బ్యాటరీ, ప్యానెల్ కౌలుదారువి, గడువు తీరగానే అతనితో ఇంటికి వెళ్తాయి. స్తంభాలు, తీగ చాలాచోట్ల భూయజమానివి. ఎర్త్ రాడ్లు ఎవరివో ఎవరూ అనుకోరు. 11 నెలల కోసం మూడో రాడ్డు, నాలుగో రాడ్డు పాతడానికి కౌలుదారుకు మనసొప్పదు, పట్నంలో ఉండే యజమానికి ఆ ఊసే తెలియదు. జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలాక కొత్త కౌలుదారు వస్తాడు, నేల మీద కనిపించే పాత రాడ్డు కొనకే తన కొత్త యంత్రాన్ని తగిలిస్తాడు. ఆ కొన కింద ఇంకా రెండు మీటర్ల ఇనుము ఉందో, జానెడు దగ్గరే తెగిపోయి ఉందో లాగి చూడడు.